గ్వెల్ఫ్ హిల్‌సైడ్ ఫెస్టివల్: పెద్ద పేర్ల కోసమైతే వెళ్లకండి

టొరంటో చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి జులై వచ్చిందంటే అవే చోట్లు. నయాగరా, థౌజండ్ ఐలాండ్స్, వసాగా బీచ్, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మళ్లీ నయాగరా. పాటల సరదా ఉన్నవాళ్లు ఏ తెలుగు సినిమా మ్యూజికల్ నైట్‌కో టికెట్ కొని, పైవరసలో ఎక్కడో కూర్చుని, స్టేజీ పక్కనున్న తెరలో చూసి వస్తారు. తప్పని కాదు, నేనూ వెళ్తాను. కాకపోతే అక్కడ వినేవన్నీ ముందే నోటికొచ్చిన పాటలు. ఒక్క బ్యాండ్ పేరు కూడా తెలియకుండా వెళ్లి, మూడు రోజులు పాటలు విని, సొంతంగా నాలుగు పేర్లు పట్టుకుని రావాలంటే మాత్రం నా ఓటు గ్వెల్ఫ్ ఊళ్లో జరిగే హిల్‌సైడ్ మ్యూజిక్ ఫెస్టివల్‌కే.

ఇది 1984 నుంచి జరుగుతోంది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, చాకిరీలో ఎక్కువ భాగం వాలంటీర్లది. జులై రెండో సగంలో ఒక శుక్రవారం మొదలై ఆదివారం రాత్రికి అయిపోతుంది. చోటు గ్వెల్ఫ్ లేక్, అంటే స్పీడ్ నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయం, అందులో ఒక దీవి మీద స్టేజీలు. టొరంటో నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కారు లేకపోతే గో (టొరంటో ప్రాంతపు ప్రభుత్వ రవాణా) ట్రైన్‌లోనో బస్సులోనో గ్వెల్ఫ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఫెస్టివల్ షటిల్ బస్సు చూసుకోవాలి, ఆ టైమింగ్స్ మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి.

అసలు మజా రాత్రి మెయిన్ స్టేజీ మీద కాదు, మధ్యాహ్నం చిన్న స్టేజీల దగ్గర. షెడ్యూల్లో వర్క్‌షాప్ అని ఉన్నవాటిని గుర్తు పెట్టుకోండి. అంతకుముందు కలిసి వాయించని రెండు మూడు బ్యాండ్లని ఒకే స్టేజీ మీదకి ఎక్కించి వదిలేస్తారు. ఒకళ్లు తమ పాట మొదలుపెడతారు, పక్క బ్యాండ్ గిటారిస్టు కాసేపు శ్రుతి వెతుక్కుని మెల్లగా కలుస్తాడు, డ్రమ్మర్ అంతకంటే ముందే అందుకుంటాడు, ఫిడేలు పట్టుకున్నామె రెండో చరణం దాకా ఊరికే వింటూ కూర్చుని అప్పుడు ఒక్కసారిగా అందుకుంటుంది. మన జుగల్బందీలా ఉంటుందా అంటే సగం అవును, సగం కాదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఎవరి మీదా పైచేయి కోసం చూడరు. కొన్నిసార్లు అస్సలు కుదరదు. అప్పుడు వంతులవారీగా ఎవరి పాట వాళ్లు మర్యాదగా పాడుకుని దిగిపోతారు. కుదిరితే మాత్రం, ఆ పాట ఇంకెక్కడా దొరకదు, రికార్డు కూడా ఉండదు. ఒక బ్యాండ్‌లో నిజంగా సత్తా ఉన్నదెవరో ఇలాంటప్పుడే బయటపడుతుంది. ఆదివారం పొద్దున గాస్పెల్, అంటే చర్చి భక్తిపాటల సెషన్ కూడా ఇదే బాపతు, దేవుడి మీద నమ్మకం లేకపోయినా వెళ్లండి.

రేడియోలో ఈ బ్యాండ్లన్నీ ఎందుకు వినపడవు అని నాకు చాలాకాలం అనుమానం. ప్రైవేటు స్టేషన్లు వేసే పాపులర్ పాటల్లో కనీసం 35 శాతం కెనడావి ఉండాలని రూల్ ఉంది, 1971లో 30 శాతంతో మొదలైంది. మంచి రూలే. కానీ కారులో వింటుంటే ఆ వాటా అంతా బ్రయాన్ ఆడమ్స్, ట్రాజికల్లీ హిప్, డ్రేక్ లాంటి పేరుమోసినవాళ్లతోనే నిండిపోయినట్టు అనిపిస్తుంది. కొత్తవాళ్లు వినపడేది క్యాంపస్ రేడియోల్లో. గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్ల సీఎఫ్ఆర్‌యూ 93.3 నెట్‌లో కూడా వస్తుంది, వంట చేసుకుంటూ పెట్టుకోవచ్చు. ఆ ఊరికి ఈ పిచ్చి పాతదే, కాన్‌స్టాంటీన్స్, రాయల్ సిటీ లాంటి బ్యాండ్లు అక్కడివే, వాటి రికార్డులు తెచ్చిన త్రీ గట్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) కూడా అక్కడే పుట్టింది.

వెళ్లేముందు కొంచెం చెవి సిద్ధం చేసుకోవాలంటే ఏటా మంచి కెనడా ఆల్బమ్‌కి ఇచ్చే పొలారిస్ ప్రైజ్ లాంగ్ లిస్ట్, అంటే మొదటి వడపోత జాబితా చూడండి. 2006లో మొదలైంది, అమ్మకాలు, లేబుల్ ఏవీ చూడకుండా విమర్శకులు, రేడియో వాళ్లు కలిసి ఆల్బమ్ ఎంపిక చేస్తారు. వేసవి మొదట్లో వచ్చే ఆ 40 ఆల్బమ్‌లలో పది నచ్చినా లాభమే. 2019లో గెలిచిన హవియా మైటీ మన బ్రాంప్టన్‌లో పెరిగిన ర్యాపర్, ఆ ఊళ్లో ఉన్న మనవాళ్లలో ఎంతమంది విన్నారో మరి! 2018లోనూ 2024లోనూ గెలిచిన జెరెమీ డచర్ ఎక్కువగా పాడేది వొలాస్తోకే అనే ఆదివాసీ భాషలో, మాట్లాడేవాళ్లు బాగా తగ్గిపోయిన భాష. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు ఆ గొంతు ఇంకా వదల్లేదు.

ఇక సదుపాయాలు. తాగే నీళ్లు ఉచితం, ప్లాస్టిక్ సీసాల్లో అమ్మరు కాబట్టి మీ సీసా మీరే తెచ్చుకోవాలి. తిండి కడిగి వాడే ప్లేట్లలో పెడతారు, తిన్నాక తిరిగిస్తే వాలంటీర్లు కడుగుతారు. మన పెళ్లి భోజనాల తర్వాత చెత్త గుట్టలు చూసినవాళ్లకి, అంత జనం తిని లేచాక కూడా గడ్డి కనపడటం వింతే. తిండి రుచి స్టాలుని బట్టి. నేను తిన్న ఒక పనీర్ ర్యాప్‌లో ఉప్పూ లేదు, కారమూ లేదు, ధర మాత్రం దండిగా ఉంది, పేరెందుకులెండి. చిన్న పచ్చడి డబ్బా బ్యాగులో వేసుకోండి. ఎండ గట్టిగా ఉంటుంది, సాయంత్రం దోమలు. చాప, టోపీ, వాన కోటు తప్పనిసరి, పిల్లల కోసం విడిగా కార్యక్రమాలుంటాయి గనక వాళ్లని తీసుకెళ్లడానికి భయపడక్కర్లేదు.

నచ్చనివాళ్లూ ఉంటారు. ఒకే రకం సంగీతం కావాలనుకునేవాళ్లకి ఇది చిరాకు, ఫోక్ అయ్యాక హిప్‌హాప్, దాని వెనక ఆఫ్రికన్ గిటార్, తర్వాత చెవులు చిల్లులు పడే పంక్. తెల్లవార్లూ డీజే, తాగి గంతులు వేయడం కావాలంటే వేరే ఫెస్టివల్స్ బోలెడున్నాయి. ఇక్కడ నెరిసిన జుట్టు హిప్పీ తాతలు ఎక్కువ కనపడతారు, నాకైతే వాళ్లే మంచి గైడ్లు. ఏ స్టేజీకి వెళ్లాలో తోచనప్పుడు పక్కనున్న తాతగారిని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్తారు, కాస్త ఎక్కువే చెప్తారు.

ఎవరైనా నచ్చితే ఇంటికొచ్చాక స్ట్రీమింగ్‌లో వినేసి ఊరుకోకండి, దానివల్ల వాళ్లకి వచ్చేది చిల్లరే. అక్కడ టేబుల్ దగ్గరే రికార్డు కొనండి, లేదా బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో. డిజిటల్ అమ్మకంలో బ్యాండ్‌క్యాంప్ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది దోమలకి. మూడు రోజులు కుదరక ఒక్కరోజు టికెట్ కొనేట్టయితే శనివారం తీసుకుని, భోజనాల వేళకి ముందే లోపల ఉండండి.