నంబరు అడగని చెప్పుల దుకాణం, పాలమూరు

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి ఈ చిన్న దుకాణంలో చెప్పుకి నంబరు ఉండదు. కాగితం పరిచి నిలబడమంటారు, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి ఆ కొలతకే కుడతారు.

రెడీమేడ్ చెప్పు నంబరు ఇంగ్లండ్ లెక్క. నంబరుకీ నంబరుకీ తేడా అక్కడి బార్లీ గింజంత, అంటే అంగుళంలో మూడో వంతు. వెడల్పు మాత్రం దాదాపు అన్నిటికీ ఒకటే తీరు. ఉత్త కాళ్లతో చేన్లో తిరిగి పెరిగినోళ్ల పాదం వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటుంది. వెడల్పు కోసం ఒక నంబరు పెద్దది కొంటారు. ఇక మడమ జారుతుంది, వేళ్లు బిగబట్టి నడిచీ నడిచీ పొద్దుగూకేసరికి పిక్కలు లాగుతాయి. పైగా 'నా కాలే అడ్డం' అనుకుంటారు. కాలిది తప్పు కాదు. 2021-22లో చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (సీఎల్‌ఆర్‌ఐ) లక్షకు పైగా మంది పాదాలు కొలిస్తే, యూరప్ వాళ్లకంటే మనవి వెడల్పని తేలింది. దాన్నిబట్టే 'భ' (భారత్‌లోని భ) సైజులు రూపొందించారు.

ఈ ఊరికి ఏ నిజాం పేరు పెట్టారో, ఆ మహబూబ్ అలీ ఖాన్ 1869లో గద్దెనెక్కినప్పుడే బ్రిటిష్ రెసిడెంటు, అంటే హైదరాబాదులో ఉండే వాళ్ల ప్రతినిధి, దర్బారులో బూట్లతో, కుర్చీ మీద కూర్చోవడం మొదలైంది. అంతకుముందు బూట్లు విప్పి కిందే కూర్చునేవాళ్లు. ఈనాటికీ బూట్లు కాక చెప్పులేసుకుని ఇంటర్వ్యూకి పోవాలంటే మనోళ్లు జంకుతారు.

కొలతకి సాయంత్రమే వెళ్లండి, పొద్దటికంటే కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడాలి. పెన్సిల్ నిటారుగా ఉందో లేదో చూసుకోండి, లోపలికి వాలితే చెప్పు అట్ట ఇరుకైపోతుంది. రెండు పాదాలూ గీయించాలి, ఒకటి కొంచెం పెద్దదే ఉంటుంది.

ఇక్కడి తోలు తంగేడు చెక్క (బెరడు) నీళ్లలో నానింది. కోసిన అంచు లోపలిదాకా లేత గోధుమ రంగులో ఉంది. నీలి బూడిద చార కనిపిస్తే అది క్రోమ్ తోలు, అంటే చెక్క బదులు క్రోమియం రసాయనంలో నానింది. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకి ఓడలకెక్కినదీ ఈ తంగేడు తోలే, అక్కడ మెరుగు పెట్టేవాళ్లు.

లోపాలూ ఉన్నాయి. ఉంగటం (బొటనవేలు దూర్చే తోలు ఉంగరం) మరీ బిగువుగా కుడుతున్నారు, మొదటి వారం బొటనవేలు ఒరుసుకుపోతుంది. చిటికెన వేలు దూరేంత సందు వదలమని ముందే చెప్పండి. పట్టీ దగ్గర కుట్లు మరీ దగ్గరదగ్గరగా పడితే తోలు ఆ వరసలోనే చిరుగుతుంది, తీసుకునేటప్పుడు చూసుకోండి. ఆడవాళ్ల రకాలు రెండే ఉన్నాయి, అది బాగాలేదు.

వానలో తడిస్తే ఎండలో పెట్టొద్దు. నీడలో ఆరాక ఆముదం పలచగా రుద్దండి.