సోఫా అడుగు విప్పి చూశాక: తొమ్మిదేళ్ల ఫర్నిచర్ అనుభవం

తొమ్మిదేళ్ల క్రితం ఇల్లు మారినప్పుడు ఒకే నెలలో నాలుగు రకాల సామాను కొన్నాం. షోరూంలో కొత్త సోఫా, వడ్రంగి దగ్గర చేయించిన భోజనాల బల్ల, అట్టపెట్టెలో విడిభాగాలుగా వచ్చిన వార్డ్‌రోబ్, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన నాలుగు పాత చెక్క కుర్చీలు. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసింది సోఫాకి. అందరికంటే ముందు మంచాన పడ్డదీ అదే.

మూడో ఏడు వచ్చేసరికి సోఫా మధ్య సీటు గుంట పడింది. అమ్మ అందులో కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చేది. ఆవిడ నోరు తెరిచి చెప్పలేదు, మెల్లగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక ఆదివారం సోఫాని బోర్లా తిప్పి, అడుగున స్టేపుల్ పిన్నులతో కొట్టిన నల్లగుడ్డ ఊడదీశాను. స్ప్రింగులు లేవు, సాగిపోయిన పట్టీలు మాత్రం ఉన్నాయి. ఫ్రేము మూలల్లో జిగురు లేదు, దన్నుగా చెక్కముక్క లేదు, రెండు పలకల్ని పిన్నులతో కలిపేశారు. కుషన్ లోంచి నిలువు, అడ్డం, మందం పది సెంటీమీటర్లు ఉండేలా ఫోమ్ ముక్క కోసి వంటింటి త్రాసు మీద పెట్టాను. 18 గ్రాములు తూగింది.

ఆ సైజు ముక్క ఎన్ని గ్రాములు తూగితే ఫోమ్ సాంద్రత అన్ని కిలోలు, అంటే ఘనపు మీటరుకి. మాది 18 అన్నమాట. రోజూ కూర్చునే సీటుకి కనీసం 28 నుంచి 32 ఉండాలి, 40 అయితే ఇంకా నిలుస్తుంది. అమ్మిన అతను ‘హై డెన్సిటీ’ అని నోటితో చెప్పాడు, బిల్లులో మాత్రం అంకె లేదు. నేనూ అందరిలాగే చేత్తో నొక్కి చూసి, గట్టిగానే ఉందిలే అనుకున్నాను. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. తక్కువ సాంద్రత ఫోమ్‌ని కూడా గట్టిగా తయారు చేయొచ్చు, కాకపోతే అది త్వరగా అణిగిపోతుంది.

సోఫాలు బాగుచేసే మేస్త్రీని పిలిచి 40 సాంద్రత ఫోమ్, కొత్త పట్టీలు వేయించాం, మూలలకి జిగురు పెట్టి చెక్కముక్కలు బిగించాడు. అంతా కలిపి సోఫా ధరలో ఆరో వంతు అయింది. ఆరేళ్లయినా సీటు కుంగలేదు. ఇలాంటిది మొదటి నుంచి చేస్తే ఎంతవుతుందని అడిగితే, గుడ్డ, చెక్క, ఫోమ్, కూలీ వేళ్ల మీద లెక్కేసి చెప్పాడు. మేం కట్టిన దాంట్లో సగం కూడా కాలేదు.

మిగతా సగం ఎక్కడికి పోయిందా అని అప్పుడే ఆరా తీశాను. కొన్న ధరకి రెట్టింపు వేసి అమ్మడాన్ని రిటైల్‌లో ‘కీస్టోన్’ ధర అంటారు, ఫర్నిచర్‌లో ఇది మామూలు సంగతి. వందకి కొని రెండు వందలకి అమ్మితే కొన్న ధర మీద వేసింది నూరు శాతం, అమ్మిన ధరలో మిగిలింది యాభై శాతం. షాపువాళ్లు ఎప్పుడూ రెండో అంకే చెబుతారు. వందకి కొన్న వస్తువుకి మూడు వందల చీటీ తగిలించి ‘నలభై శాతం తగ్గింపు’ అన్నా మనం కట్టేది నూట ఎనభై. వడ్డీ లేని ఈఎంఐ అన్నప్పుడు కూడా, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని అడగండి. చాలాసార్లు ధర దిగుతుంది, అంటే వడ్డీ అందులోనే ఉందన్నమాట.

ఇదంతా దోపిడీ అని మాత్రం అనను. సోఫా నెలల తరబడి అమ్ముడుపోకుండా ఒక గది జాగా ఆక్రమిస్తుంది. ఆ అద్దె, గోడౌను, రవాణాలో దెబ్బతిన్నవి, అన్నీ ధరలోనే కలుస్తాయి. ఫర్నిచర్ రవాణాలో సగం ఖర్చు సామాను మధ్య ఖాళీని, అంటే గాలిని మోయడానికే అనిపిస్తుంది. థోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆరు చెక్కభాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అట్టపెట్టె సామాను చవగ్గా దొరకడానికి కారణం అదే.

మా వార్డ్‌రోబ్ కూడా అలాంటిదే. ఒకే చోట ఉన్నన్నాళ్లూ బాగుంది. ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టలేదు. పార్టికల్ బోర్డు అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమిన పలక. ఒకసారి ఊడిన కన్నం పొడిపొడిగా రాలిపోతుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలు కాదు. తరచూ ఇళ్లు మారేవాళ్లకి నేనైతే వద్దంటాను.

బల్ల గురించి చెప్పడానికి ఫిర్యాదు లేదు. ఒక చెక్కలో తొలిచిన గాడిలో ఇంకో చెక్క నాలుకలా దిగి కూర్చునే అతుకులు వేశాడు వడ్రంగి. చెప్పినదానికంటే నెలన్నర ఆలస్యం చేశాడు, అప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పుడు గుర్తు కూడా లేదు. పాత కుర్చీలైతే మాకు దొరికిన అన్నిటికంటే మంచి బేరం. రెండు ఊగుతుంటే అతుకులు విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి ఒక రాత్రి తాడుతో బిగించి ఉంచాను, అంతే. పాతవాటిలో చెక్కవే కొంటాను. గుడ్డ, దూది ఉన్నవైతే కుట్ల మడతలు విప్పి నల్లుల మచ్చలు ఉన్నాయేమో చూడనిదే ఇంట్లోకి రానివ్వను.

పరుపు కొనేటప్పుడు ఇంకోటి తెలిసింది. ఒకే తయారీదారు దాదాపు అదే పరుపుని ఒక్కో షాపుకి ఒక్కో పేరుతో ఇస్తాడు. పేరు పట్టుకుని ధర పోల్చాలంటే అయ్యే పని కాదు. పొరలు, మందం, సాంద్రత కాగితం మీద రాసుకుని పోల్చాను.

పోయిన నెల అమ్మకి మంచం కొన్నాం. మొదటి షాపులో అడుగు చూపించమంటే, కుదరదండీ అన్నారు, బయటికి వచ్చేశాం. రెండో చోట డిస్‌ప్లేలో పెట్టిన మంచం ఉంది, ఏ చెక్కో, ఏ అతుకో బిల్లు మీద రాసిచ్చారు. తలవైపు పలక వెనక జానెడు గీత పడిందని ధరలో మూడో వంతు తగ్గించారు. మా ఇంట్లో ఆ గీత గోడ వైపు ఉంది.