చెంబెడు నీళ్ల దగ్గర తప్పిన లెక్క: సెమాగ్లూటైడ్ మాత్రతో రెండేళ్లు

ఈ మాత్ర మీద నాకున్న ఇష్టమూ కోపమూ రెండూ తెల్లవారి లేచిన తరువాతి అరగంటలోనే ఉన్నాయి. పదహారేళ్లుగా షుగరుకు మందులు వాడుతున్నాను. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆ తరువాత విల్డాగ్లిప్టిన్, ఇవేవీ నేను ఎన్ని నీళ్లు తాగానో, కాఫీ ఎప్పుడు తాగానో అడగలేదు. సెమాగ్లూటైడ్ మాత్ర అడుగుతుంది. అలా అడుగుతుందన్న సంగతి నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఇది టైపు 2 షుగరుకు వాడే మందు, సూది రూపంలో కూడా దొరుకుతుంది. అంతకు మించిన సంగతులు షుగరున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు నలుగుతున్నవే కాబట్టి వాటి జోలికి పోను.

పేగు హార్మోన్ల దారిలో పనిచేసే మందు నాకు కొత్త కాదు. అంతకుముందు ఐదేళ్లు వాడిన విల్డాగ్లిప్టిన్ కూడా ఆ దారిదే. మనం తిన్నది పేగుల్లోకి దిగగానే అక్కడి కణాలు జీఐపీ, జీఎల్‌పీ-1 అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదిలి, చక్కెర వస్తోంది సిద్ధంగా ఉండమని క్లోమానికి కబురు పంపుతాయి. ఒకే మోతాదు గ్లూకోజును నోటితో తాగిస్తే, నరంలోకి ఎక్కించినప్పటికంటే చాలా ఎక్కువ ఇన్సులిన్ వెలువడుతుందని 1964లోనే ప్రయోగాలలో తేలింది. ఆరోగ్యవంతుడు గ్లూకోజు తాగినప్పుడు వచ్చే ఇన్సులిన్‌లో సగమో అంతకంటే ఎక్కువో ఈ కబురు చలవే. టైపు 2 మధుమేహంలో ఈ సాయం బాగా సన్నగిల్లుతుంది. అసలే మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 ఆయుష్షు రెండు నిమిషాలు, ఎందుకంటే డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని వెంటనే తుంచేస్తుంది. విల్డాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్లు ఆ ఎంజైమును అడ్డుకుంటాయి, అంటే ఉన్న కొద్దిపాటి హార్మోనును పారబోయకుండా కాపాడుతాయి. సెమాగ్లూటైడ్ అలా కాదు. అది ఆ హార్మోనుకు నకలు. ఎంజైముకు లొంగకుండా కాస్త మార్చి, రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడేలా ఒక కొవ్వు గొలుసు తగిలించారు కాబట్టి, సగం ఖర్చు కావడానికే దానికి దాదాపు వారం పడుతుంది. గ్లిప్టిన్‌తో కొంతకాలం కుదురుగా ఉన్న నా మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 2023 ఆగస్టులో 8.6కి ఎక్కడంతో, డాక్టరుగారు దాన్ని ఆపి, రెండూ ఒకే దారి మందులు కాబట్టి కలిపి వాడటంలో అర్థం లేదని చెప్పి, ఈ మాత్ర రాశారు.

మొదటి నెల 3 మిల్లీగ్రాములు, అది ఒంటికి అలవాటు చేయడానికే. రెండో నెల నుంచి 7. ఇదే మందును సూదిగా వేయించుకుంటున్న నా పాత సహోద్యోగులిద్దరు వికారంతో, కడుపుబ్బరంతో అవస్థ పడుతుంటే, నాకు ఒక్క తేనుపు కూడా అదనంగా రాలేదు. సాయంత్రం నాలుగింటికి బజ్జీల బండి వైపు లాగే యావ కూడా తగ్గినట్టే అనిపించింది. ఇది నా ఒంటికి పడిన మందు అని మా బావమరిదితో సహా కనబడ్డవారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

డిసెంబరు చివర రక్తపరీక్షలో 8.4 వచ్చింది. బరువు కిలో కూడా తగ్గలేదు. నెలకు పది వేల రూపాయలకు దగ్గరగా పోస్తూ, 0.2కి మించి తేడా చూపించలేని ఆ కాగితాన్ని పట్టుకుని నేను ముందుగా అనుమానించింది మందుల దుకాణాన్ని. పెట్టె మీది బ్యాచి నంబరు, గడువు తేదీ కళ్లద్దాలు మార్చి మార్చి చూశాను, వేరే దుకాణానికి మారాను. తరువాత అనుమానం వంట మీదికి పోయింది. అన్నం గరిటెలు లెక్కపెట్టడం, చింతకాయ పచ్చడిలో బెల్లం వేశారా అని ఆరా తీయడం వంటివి చేసి ఇంట్లో పది రోజులు మాటలు లేకుండా చేసుకున్నాను. డాక్టరుగారు మోతాదును 14కి పెంచుదామన్నారు. పండగ వెళ్లాక చూద్దామని నేనే వాయిదా వేశాను.

ఆ వాయిదాయే నన్ను కాపాడింది. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో మాత్రల నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేసే మా అమ్మాయి సంక్రాంతికి రాజమండ్రి వచ్చింది. భోగి నాడు తెల్లవారుజామున ఐదింటికి, రోజూలాగే, రాత్రి నింపి పెట్టుకున్న రాగి చెంబు ఎత్తి సగం తాగి, మాత్ర నోట్లో వేసుకుని, మిగతా సగం గటగటా తాగేశాను. చెంబు లీటరు పడుతుంది, మా నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. పది నిమిషాల్లో కాఫీ గ్లాసుతో భోగిమంట దగ్గరికి చేరాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

“నాన్నా, ఆ మాత్ర రోజూ ఇన్ని నీళ్లతోనే వేసుకుంటున్నావా?”

“నీళ్లెక్కువ తాగితే మంచిదే కదమ్మా. పరగడుపున వేసుకోమన్నారు, పరగడుపునే వేసుకుంటున్నాను.”

అది ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, పెట్టెలో నాలుగు నెలలుగా మడత విప్పని కాగితాన్ని తెచ్చి మంట వెలుగులో చదివి వినిపించింది. మామూలు నీళ్లు, 120 మిల్లీలీటర్లకు మించకూడదు. మాత్ర కొరకకూడదు, విరవకూడదు. ఆ తరువాత కనీసం ముప్పై నిమిషాలు ఆహారం గాని, పానీయం గాని, మరో మాత్ర గాని పడకూడదు. మన ఇళ్లలో పరగడుపు అంటే టిఫిను తినకముందు అని అర్థం. నీళ్లు దాన్ని చెరపవు, చాలామంది లెక్కలో కాఫీ కూడా చెరపదు. ఆ ఒక్క మాటతో చీటీ రాసిచ్చిన డాక్టరుగారిదీ, వివరం అడగని నాదీ తప్పు చెరిసగం అని ఇప్పటికీ అనుకుంటాను.

నీళ్లతో దానికేం పనో పండగ మూడు రోజులూ అమ్మాయి చేత చెప్పించుకున్నాను. సెమాగ్లూటైడ్ మాంసకృత్తుల జాతి పదార్థం, మామూలుగా మింగితే జీర్ణాశయం దాన్ని పప్పును అరిగించినట్టు అరిగించేస్తుంది. అందుకని ప్రతి మాత్రలోనూ సాల్‌కాప్రోజేట్ సోడియం అనే మరో పదార్థాన్ని 300 మిల్లీగ్రాములు కలిపారు. మాత్ర జీర్ణాశయపు గోడకు ఆనుకుని నెమ్మదిగా కరుగుతూ ఉంటే, ఈ పదార్థం ఆ కాస్త చోట ఆమ్లాన్ని తగ్గించి, ఎంజైముల నోరు కట్టి, మందును గోడలోంచి రక్తంలోకి దాటిస్తుంది. తక్కిన మాత్రల్లా ఇది పేగుల్లోకి వెళ్లి ఇంకేది కాదు, పనంతా జీర్ణాశయంలోనే, ఆ చిన్న చోటులోనే జరగాలి. చుట్టూ చెంబెడు నీళ్లు పోస్తే పదార్థం పలచబడిపోతుంది. అన్నీ సవ్యంగా చేసినా రక్తంలోకి చేరేది నూటికి ఒక పాలో, అంతకు తక్కువో. సూదిగా అయితే వారానికి అర మిల్లీగ్రామో ఒక మిల్లీగ్రామో సరిపోయే మందును నేను మాత్రగా వారానికి 49 మిల్లీగ్రాములు మింగుతున్నది అందుకే. తొంభై తొమ్మిది పాళ్లు వృథా అవుతాయని ముందే లెక్కగట్టి చేసిన మాత్ర ఇది. మిగిలిన ఆ ఒక్క పాలునూ నేను రాగి చెంబుతో కడిగేశాను.

కనుమ నాడు దగ్గు మందు సీసాతో వచ్చే పది మిల్లీలీటర్ల మూతతో పన్నెండుసార్లు కొలిచి ఒక గాజు గ్లాసులో పోశాం. సగం గ్లాసు కూడా నిండలేదు. ఆ గీత దగ్గర మా ఆవిడ తన స్టిక్కరు బొట్టు అంటించింది. ఇప్పటికీ ఆ గ్లాసే వాడుతున్నాను, బొట్టు మాత్రం నాలుగైదుసార్లు మారింది.

అసలు మందు ఎలా ఉంటుందో మూడో వారంలో తెలిసింది. పెసరట్టు సగంలో వదిలేయడం నా జీవితంలో అదే మొదటిసారి. ఒక గృహప్రవేశంలో పూర్ణం బూరె తిన్న గంటకు వాళ్ల కొత్త పెరట్లోనే వాంతి చేసుకున్నాను. ఆపైన మలబద్ధకం. జీర్ణాశయం నిదానంగా ఖాళీ కావడం ఈ హార్మోను చేసే పనుల్లో ఒకటని తెలిసినా, మధ్యాహ్నం తిన్న ముద్దపప్పు రాత్రి దాకా గొంతులోనే ఉన్నట్టుంటే ఆ జ్ఞానం ఊరట ఇవ్వదు. మొదటి నాలుగు నెలలూ నాకు వికారం రాకపోవడం నా ఒంటి గొప్పతనం కాదు, మందు ఒంట్లోకి సరిగ్గా చేరకపోవడం. మరి అప్పట్లో బజ్జీల మీద యావ తగ్గినట్టు ఎందుకు అనిపించిందంటే, అంత ఖరీదు పెట్టిన గౌరవం వల్లనేమో.

ఇంకొకటి నా నిర్లక్ష్యం. నీళ్ల లెక్క మార్చానని డాక్టరుగారికి వెంటనే చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు పదకొండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, చూసుకుంటే షుగరు 64 ఉంది. జీఎల్‌పీ-1 దారి మందులు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను పురికొల్పుతాయి కాబట్టి వాటంతట అవి షుగరును అంత కిందికి లాగడం అరుదు. ఈ మాత్రతో పాటు నేను ఇంకా వాడుతున్న గ్లిమెపిరైడ్‌కు ఆ విచక్షణ లేదు. పేరుకు రెండు మందులు వాడుతూ నాలుగు నెలలు ఒక్కదాని మీదే నడిచిన ఒంటికి ఇప్పుడు నిజంగా రెండూ అందుతున్నాయి. గ్లిమెపిరైడ్‌ను ముందు సగానికి తగ్గించి, ఏప్రిల్‌లో పూర్తిగా ఆపించారు. ఆ నెల రిపోర్టులో సగటు 7.2. వానాకాలం వచ్చేసరికి 82 కిలోల బరువు 76కి దిగింది. వికారం రెండు నెలల్లో సర్దుకుంది. వేపుళ్లు, పీకలదాకా విందు భోజనాలు మాత్రం ఇప్పటికీ పడవు.

ఇక ఆ అరగంట. ఐదింటికి మాత్ర వేసుకుని ఐదున్నర దాకా, వంటింట్లో డికాషన్ దిగుతున్న వాసన మధ్య, నోరు కట్టుకుని కూర్చోవడం చిన్న విషయంగా కనబడవచ్చు. రెండేళ్ల తరువాత కూడా నాకు అది చిన్నది కాలేదు. ఒక మందు తన మోతాదుతో పాటు నా కాఫీ వేళను కూడా నిర్ణయించడం నాకు నచ్చలేదు, నచ్చదు. నేను ఊహించని సౌకర్యం కూడా ఒకటి ఇందులోనే దొరికింది. మందు ప్రభావం రోజుల తరబడి నిలుస్తుంది కనుక, ఒక ఉదయం తప్పితే ఆ పూటను వదిలేసి మర్నాడు మామూలుగా వేసుకోవచ్చు, రెండు కలిపి వేసుకోకూడదు. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరి స్నానం, తీర్థం, ప్రసాదం ఉన్న రోజున గడియారంతో పోట్లాడకుండా ఉండగలిగాను.

నేను పింఛనుదారును, పొద్దున్నే పరుగెత్తవలసిన పనిలేదు, బరువు తగ్గవలసిన మనిషిని, కొలిచి ఇచ్చే భార్య ఉంది. కాబట్టి నాకు కుదిరింది. మా అక్కయ్య పరిస్థితి వేరు. ఆవిడ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, అదీ పరగడుపునే. పైగా ఈ మాత్రతో పాటు వాడితే థైరాక్సిన్ రక్తంలో పెరుగుతుందట, ఆ పరీక్షలు కూడా చేయిస్తూ ఉండాలని ఆవిడకు ముందే చెప్పారు. బడి బస్సు నడిపే మా బావమరిది ఐదింటికే టీ తాగి బయలుదేరతాడు, అతనికి వారానికోసారి వేసే సూది సంగతి డాక్టరును అడగమన్నాను. షుగరుండీ బక్కపలచగా ఉన్నవారికి ఆకలిని చంపే మందు మేలు చేస్తుందని నేను చెప్పలేను. కంటి రెటీనా ముందే దెబ్బతిన్నవారు షుగరు ఒక్కసారిగా పడితే జాగ్రత్త పడాలి, నాకు ప్రారంభంలోనే ఆ పరీక్ష చేయించారు.

పోయిన వారం రిపోర్టులో 7.4 వచ్చింది. 14కి పెంచుదామన్న పాత మాట డాక్టరుగారు మళ్లీ ఎత్తారు. మూడు నెలలు ఆగుదామని నేనే అడిగాను, ఎందుకంటే మొన్నటి కార్తీకంలో స్నానాల పేరు మీద నేను మానేసిన ఉదయాలు ఒకటీ రెండూ కావు, పదకొండు. ఆ సంఖ్య ఆయనకు చెప్పాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.