పన్నెండేళ్లు ఆటోక్యాడ్ వాడాక: న్యూ, ఓపెన్ అనే రెండు బటన్ల గురించి

హైదరాబాద్ బోడుప్పల్‌లో రెండు వందల గజాల ప్లాట్ అనగానే మా కళ్ల ముందు 30 బై 60 అడుగులు మెదులుతుంది. మన ఊళ్లో స్థలం గజాల్లో కొంటారు, ఇల్లు అడుగుల్లో కడతారు, పర్మిషన్ మాత్రం మీటర్లలో తెచ్చుకోవాలి. కొత్త డ్రాయింగ్ ఫైల్ మొదలుపెట్టిన ప్రతిసారీ ఈ మూడు కొలతల పంచాయితీ నా టేబుల్ మీదకే వస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో గీతలు ఎలా గీయాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. నేను రాసేది ఫైల్ పుట్టించడం, ఫైల్ తెరవడం గురించే. ఈ పన్నెండేళ్లలో నా రాత్రులు ఎక్కువగా ఖర్చయింది అక్కడే.

అమీర్‌పేటలో కోర్సు చేసి 2013లో ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరాను. ట్రిమ్, ఆఫ్‌సెట్, హ్యాచ్ లాంటి గీసే కమాండ్లు నెల రోజులు నేర్పారు. కొత్త ఫైల్ గురించి చెప్పింది ఒక్క ముక్క: "కంట్రోల్ ఎన్ నొక్కి ఓకే కొట్టండి." ఆ ఓకే దగ్గరే ఉంది కథంతా. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే టెంప్లేట్లలో, అంటే కొత్త ఫైల్‌కి మూసగా వాడే ఫైళ్లలో, 'ఎక్యాడ్' అనేది అంగుళాలది, 'ఎక్యాడ్ ఐసో' అనేది మిల్లీమీటర్లది. తెర మీద రెండూ ఒకే నల్లటి మైదానం. ఏది ఎంచుకున్నామో చూడకుండా గీసుకుంటూ పోతే ఆ రోజుకి ఏమీ కాదు. తప్పు ఫైల్ ఇంకొకరి చేతికి వెళ్లాక బయటపడుతుంది.

ఒకసారి సర్వేయర్ నుంచి ప్లాట్ హద్దుల ఫైల్ వచ్చింది. నా డ్రాయింగ్‌లోకి ఇన్సర్ట్ చేశాను. ఏమీ కనపడలేదు. జూమ్ చేస్తే ఒక మూల చీమ తలకాయంత చుక్క. దాన్ని కొలిస్తే 0.36 అంగుళం. 30 అడుగుల ముఖం 360 అంగుళాలు రావాలి కదా. జరిగిందేమిటంటే, ఆయన మీటర్లలో 9.144 అని సరిగ్గానే గీశాడు, కానీ ఫైల్ మొదలుపెట్టింది మిల్లీమీటర్ల టెంప్లేట్‌లో. ఫైల్ లోపల 'నేను మిల్లీమీటర్లని' అని రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి 9.144 మిల్లీమీటర్లను శ్రద్ధగా అంగుళాల్లోకి మార్చిపెట్టింది. అందులో దాని తప్పేమీ లేదు. ఫైల్ ఏ కొలతలోదో చెప్పే ఇన్స్‌యూనిట్స్ అనే ఆ ఒక్క సెట్టింగ్ ఎక్కడుందో తెలియక నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను, అంతే.

ఆ తర్వాత నాకంటూ రెండు టెంప్లేట్లు చేసుకున్నాను. మేస్త్రీకి ఇచ్చే వర్కింగ్ డ్రాయింగ్‌కి అంగుళాలది, పర్మిషన్ ప్లాన్‌కి మీటర్లది. లేయర్లు, కొలతలు రాసే డైమెన్షన్ స్టైల్, ఓనర్ పేరు వివరాలుండే టైటిల్ బ్లాక్ అన్నీ అందులోనే. ఆప్షన్స్‌లో క్యూన్యూకి, అంటే కొత్త ఫైల్ నేరుగా తెరిచే కమాండ్‌కి, మొదటిదాన్ని డీఫాల్ట్‌గా పెట్టాను. ఇన్నేళ్లలో నేను చేసిన తెలివైన పని ఏదంటే ఇదే చెబుతాను. టైటిల్ బ్లాక్‌లో ఓనర్ పేరు తెలుగులో కావాలంటే మాత్రం యూనికోడ్ ఫాంట్ పెట్టుకోండి, నిర్మలా యూఐ సరిపోతుంది. పాత డీటీపీ ఫాంట్లలో రాస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అయ్యగారి పేరు ఏ లిపికీ చెందకుండా పోతుంది.

ఇక తెరవడం. ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్ ఫార్మాట్ డీడబ్ల్యూజీ అంటే అన్నీ ఒకటే అనుకుంటాం గానీ, కొన్నేళ్లకోసారి ఆ ఫార్మాట్ మారుతూ వచ్చింది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాత వెర్షన్‌లో తెరుచుకోదు. మన స్ట్రక్చరల్ ఇంజనీర్లలో పాతది వదలనివాళ్లు ఇంకా ఉన్నారు. ఏ ఫైల్ ఏ కాలానిదో తెలియకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూడండి, మిగతాదంతా చెత్తలా కనిపించినా పర్లేదు. ఏసీ1024 అయితే 2010 ఫార్మాట్, ఏసీ1027 అయితే 2013, ఏసీ1032 అయితే 2018. చూసి సేవ్ చేయకుండా మూసేయాలి సుమా. నేను అందరికీ 2010లోనే సేవ్ చేసి పంపుతాను. ఎదుటివాళ్లు పంపిన కొత్త ఫైల్ మార్చుకోవాలంటే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితమే.

ఎక్స్‌రెఫ్‌లు, అంటే బయట నుంచి జోడించిన వేరే డ్రాయింగ్ ఫైళ్లు, ఉన్న డ్రాయింగ్‌ని ఫైల్ ఒక్కటే వాట్సాప్‌లో పంపేవాళ్లకి ఒక దండం. ఈట్రాన్స్‌మిట్ కమాండ్ కొడితే అన్నీ ఒకే జిప్‌లో చేరతాయి, రెండు నిమిషాల పని.

ఒక రాత్రి పదకొండింటికి మా జూనియర్ ఫోన్. "అన్నా, ఓపెన్ కొడితే విండో రావట్లేదు, కింద ఏదో అడుగుతోంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?" గొంతులో టెన్షన్. "ఆగు తమ్ముడూ, ఫైల్‌డియా అని కొట్టి 1 ఇవ్వు" అన్నాను. ఫైల్ విండో రావాలా వద్దా చెప్పే సెట్టింగ్ అది. ఏదో లిస్ప్ రొటీన్, అంటే ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్, దాన్ని సున్నా చేసి మధ్యలో ఆగిపోయింది. తెల్లారి ఆఫీసుకి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు.

కరెంటు పోయిన రోజుల గురించి కూడా చెప్పాలి. మేలో ఈదురుగాలి లేచింది, అప్పటికే బ్యాటరీ చచ్చిన యూపీఎస్ చేతులెత్తేసింది, మూడంతస్తుల ప్లాన్ తెరుచుకోనంది. ముందు పాడైన ఫైల్‌ని బాగుచేసే రికవర్ కమాండ్ ప్రయత్నించాను, సగం బ్లాకులే వచ్చాయి. పక్కనే ఉన్న బ్యాకప్ ఫైల్‌కి (.bak) ఎక్స్‌టెన్షన్ మార్చి డీడబ్ల్యూజీ చేస్తే అంతకు ముందు సేవ్ వరకు ఉన్నది దొరికింది. అది మధ్యాహ్నం భోజనానికి ముందుది. చివరికి ఆదుకున్నది ఆటోసేవ్. ఎస్‌వీ డాలర్ (.sv$) అనే ఎక్స్‌టెన్షన్‌తో టెంప్ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది, దానికీ అలాగే పేరు మార్చాలి. మామూలుగా మూస్తే అది చెరిగిపోతుంది, క్రాష్ అయితేనే మిగులుతుంది. ఆటోసేవ్ ఎంతసేపటికోసారి జరగాలో చెప్పే సేవ్‌టైమ్ పది నిమిషాలకు ఉంటే నేను ఐదుకు తగ్గించాను, ఫైళ్లు డీ డ్రైవ్‌లో పడేలా దారి మార్చాను. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే ఈ వైద్యం ఏదీ పనిచేయదు, ముందు అవి కనపడేలా పెట్టుకోండి.

డబ్బు సంగతి. ఆటోక్యాడ్ శాశ్వత లైసెన్సులు కొత్తగా అమ్మడం 2016 మొదట్లోనే ఆపేశారు, అప్పటి నుంచి అంతా చందానే. నెలకి రెండు ఇళ్ల ప్లాన్లు చేసుకునేవాళ్లకి అది బరువే. బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివీ డీడబ్ల్యూజీ తెరుస్తాయి. ఓ మిత్రుడి కంప్యూటర్‌లో వారం రోజులు బ్రిక్స్‌క్యాడ్ వాడాను, చేతికి అలవాటైన కమాండ్లు దాదాపు అన్నీ పలికాయి. నేనింకా మారలేదు. పన్నెండేళ్ల పాత ఫైళ్లు, నాలుగు లిస్ప్‌లు ఉన్నాయి. వాటన్నిటినీ అక్కడ ఒక్కొక్కటీ తెరిచి చూసుకునే తీరిక ఆషాఢంలో దొరుకుతుందేమో. అప్పుడు గృహప్రవేశాలు ఉండవు, ఓనర్లు ఫోన్ చేయరు.