పండ్ల మొక్కలు కొనేవాళ్లకు: లేబుల్ కాదు, అంటు చూడండి, వేళ్లు చూడండి

పెరట్లో నాలుగు పండ్ల చెట్లు పెంచుకుందామని మొక్కలు వెతుకుతున్నవాళ్లు దయచేసి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు మూడున్నరేళ్లు నీళ్లు పోశాక తెలిసిన విషయాలు ఇవి. మీకు కొనే రోజే తెలిస్తే అంతే చాలు.

ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ దగ్గర పదకొండు మొక్కలు తెప్పించాను. మామిడి రెండు, జామ రెండు, కమలా, నిమ్మ, దానిమ్మ, అవకాడో ఒక్కొక్కటి, బ్లూబెర్రీ మూడు. దానిమ్మ తప్ప అన్నీ అంటు మొక్కలేనని (అంటే వేరే మొక్క వేరు మీద మంచి రకం కొమ్మను అతికించి పెంచినవని), రెండో ఏడే కాపు వస్తుందని రాశారు. ఇవాళ నా పెరట్లో బాగున్నవి మూడే: ఒక మామిడి, ఒక జామ, దానిమ్మ.

ముందు నిమ్మ సంగతి చెప్పాలి. రెండేళ్లు అది పెరగనూ లేదు, చావనూ లేదు. ఆకు పసుపు పచ్చబడితే ఎరువు వేశాను, వాడితే నీళ్లు పెంచాను. ఒకరోజు గాలికి పక్కకు ఒరిగింది. నిలబెడదామని కాండం పట్టుకుంటే బలం పెట్టకుండానే మొత్తం మొక్క చేతిలోకి వచ్చేసింది. మట్టి దులిపి చూస్తే వేళ్లన్నీ వాళ్లు పంపిన పాలిథీన్ సంచి ఆకారంలోనే ఉన్నాయి. రెండేళ్లలో ఒక్క వేరు కూడా బయట నేలలోకి పోలేదు. వేలు మందాన ఉన్న ఒక వేరు మొదలు చుట్టూ తాడులా రెండు చుట్లు తిరిగి కాండాన్ని నొక్కేసింది. దాని కింద బెరడు నల్లగా కుళ్లిపోయి ఉంది. చిన్న సంచిలో ఏళ్ల తరబడి ఉంచేసిన పాత మొక్కను పైన కొత్త చిగురు చూపించి నాకు అంటగట్టారు.

అందుకే నర్సరీకి వెళ్లి కొంటుంటే సంచి తీసి వేళ్లు చూపించమని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు చూపిస్తారు. మొహమాటపడకండి. తెల్లగా, లేత గోధుమ రంగులో సన్న వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటే మంచిది. అంచున సన్న వేళ్లు కొద్దిగా తిరిగి ఉన్నా పరవాలేదు. నాటేటప్పుడు చాకుతో పక్కల నిలువుగా మూడు నాలుగు చోట్ల గీసి, వాటిని విడదీసి పెడితే సరిపోతుంది. మొదలు దగ్గరే లావు వేరు చుట్టుకుని ఉంటే మాత్రం ఆ మొక్క తీసుకోకండి. జామ అయితే వేళ్ల మీద పూసల్లాంటి బొడిపెలు ఉన్నాయేమో చూడండి. అవి వేళ్లలో చేరే సన్నని నులిపురుగుల గుర్తు. అలాంటి మొక్క తెస్తే పురుగును మన మట్టిలోకి మనమే తెచ్చుకున్నట్టు. నా రెండో జామ అలాగే పోయింది. ఆ చోట మళ్లీ జామ పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఇక కమలా. దీని గురించి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ఇది చావలేదు, చక్కగా పెరిగింది. మొదలు నుంచి రెండు కొమ్మలు నిటారుగా లేచి ఏడాదిలో నా భుజం ఎత్తుకు వచ్చాయి. ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆకులు మూడేసి కలిసి ఉండటం, ముళ్లు వేలంత పొడుగు ఉండటం చూసి కూడా రకమే అంత కాబోలు అనుకున్నాను. మూడో ఏడు కాసిన కాయలు చిన్నవి, పైన నూగు, లోపల నిండా గింజలు, నోట్లో పెట్టలేనంత చేదు పులుపు. అప్పుడు తెలిసిన ఒకాయన వచ్చి మొదలు దగ్గర మట్టి తవ్వి చూపించారు. అంటు కట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా అలాగే ఉంది. కాండం లావెక్కే కొద్దీ అది బిగుసుకుని పైన ఉన్న అసలు కమలా కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది. నేను పెంచింది కింద వేరు కోసం వాడే మూడాకుల నారింజను. టేపు తీయకుండా పంపడం వాళ్ల తప్పు, అంటు మునిగేలా మట్టి కప్పడం నా తప్పు.

అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున చిన్న వంపుగానో, ముడిగానో ఉంటుంది. అక్కడ బెరడు రంగు కూడా మారుతుంది. నాటాక ఆ చోటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. అతుకు బాగా కలిశాక టేపు తీసేయాలి. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురునూ లేతగా ఉన్నప్పుడే తుంచేయాలి, ఎంత ఏపుగా ఉన్నా జాలిపడకూడదు. కాండం నున్నగా, ఎక్కడా అతుకు లేకుండా ఉంటే అది చాలా వరకు గింజ మొక్కే. నా అవకాడో, ఒక మామిడి అలాంటివే. అవి కాస్తాయి, కానీ చాలా ఏళ్లు పడుతుంది, ఏ రకం కాయ వస్తుందో కూడా చెప్పలేం. దానిమ్మకు మాత్రం అతుకు వెతకకండి, దాన్ని కొమ్మ నాటో, గూటి కట్టో (చెట్టు మీదున్న కొమ్మకే వేళ్లు వచ్చేలా చేసి) పెంచుతారు. బొప్పాయి గింజతోనే వస్తుంది.

కాయతో ఉన్న మొక్క చూసి మోసపోకండి. కాసే చెట్టు కొమ్మతో అంటు కడితే మోకాలెత్తు మొక్క కూడా పూస్తుంది. అది మొక్క బలం కాదు. మొదటి రెండు మూడేళ్లు వచ్చే పూతను తుంచేస్తేనే వేరు, కొమ్మ గట్టిపడతాయి.

బెర్రీలు కొనేవాళ్లకు ఇంకో మాట. బ్లూబెర్రీకి ఆమ్ల నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. నా నేల 7.8 అని మొక్కలు చచ్చాక పరీక్షిస్తే తెలిసింది. ఈనెలు పచ్చగా, మిగతా ఆకంతా పసుపుగా మారి మూడూ ఒకే ఏడాదిలో పోయాయి. అమ్మినవాళ్లు మట్టి ఎలాంటిదని ఒక్క మాట అడగలేదు, నేనూ చూసుకోలేదు. యాపిల్ కూడా అంతే. చాలా రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు కావాలి. తక్కువ చలితో కాసే అన్నా లాంటి రకాలు వేరే ఉన్నాయి, రకం పేరు రాయకుండా ఉత్త ‘యాపిల్ మొక్క’ అని అమ్మితే కొనకండి. కివీలో చాలా రకాలకు ఆడ, మగ మొక్కలు రెండూ ఉంటేనే కాయ, ఒక్కటే పంపితే అది పందిరి తీగే అవుతుంది. నీలం రంగు స్ట్రాబెర్రీ గింజలని ఫోటోలు పెడుతున్నారు, అలాంటి పండే లేదు.

ఫిర్యాదు చేస్తే ఏమైందని అడుగుతారేమో. ఏడు రోజుల్లోపు చెప్పాలట, పైగా మా నేల మంచిది కాదట. రకం మారిందని ఏడు రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? కాబట్టి పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. అంటు దగ్గర, సంచి తీశాక వేళ్ల దగ్గర ఫోటోలు తీసి పెట్టుకోండి. బిల్లు మీద రకం పేరు, అంటా గింజా అన్నది రాయించుకోండి.

ఇప్పటికే నాటినవాళ్లు ఈ వారంలోనే ఒకసారి మొదలు దగ్గర మట్టి చేత్తో పక్కకు తీసి చూడండి. టేపు ఉంటే బ్లేడుతో బెరడుకు తగలకుండా కోసేయండి. నాకు మిగిలిన మామిడికి అలాగే చేశాను. టేపు ఉన్నచోట నొక్కు ఇంకా కనిపిస్తోంది గానీ, పైన కొత్త చిగురు వేసింది.