కొత్తగా అతికించిన సైన్యంతో తొలి ఆట: స్పియర్‌హెడ్, ఓల్డ్ వరల్డ్, కింగ్స్ ఆఫ్ వార్, ఏజ్ ఆఫ్ ఫాంటసీ – ఏది మేలు?

"పెట్టె కొన్నాం, స్ప్రూ (ముక్కలు అంటిపెట్టుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ముక్కలు కోసి అతికించాం, ప్రైమర్ కూడా కొట్టాం. ఇప్పుడు ఏ రూల్స్‌తో ఆడాలి?" ఫాంటసీ మినియేచర్ల ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర్నుంచి పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. ప్రశ్నలో న్యాయం ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ 1983లో మొదలుపెట్టిన వార్‌హామర్ ఫాంటసీ బ్యాటిల్‌ని ఆపేసి 2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చింది. 2024 జనవరిలో ఆ పాత ప్రపంచాన్నే ది ఓల్డ్ వరల్డ్ పేరుతో మళ్లీ బల్లమీదకి తెచ్చింది. అదే ఏడాది జులైలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ నాలుగో ఎడిషన్, దాంతోపాటే దాని చిన్న రూపం స్పియర్‌హెడ్ వచ్చాయి. ఇవి కాక మాంటిక్ వాళ్ల కింగ్స్ ఆఫ్ వార్, వన్ పేజ్ రూల్స్ వాళ్ల ఏజ్ ఆఫ్ ఫాంటసీ ఉన్నాయి. కొన్నవి అవే బొమ్మలు, ఆడగలిగే ఆటలు మాత్రం నాలుగైదు.

పోల్చేవాళ్లు మామూలుగా ఖర్చు చూస్తారు, బ్యాలెన్స్ చూస్తారు, కథ చూస్తారు. కొత్త సైన్యం విషయంలో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: మొదలుపెట్టిన ఆట చివరి రౌండు దాకా నడుస్తుందా?

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఈ ఆటల్లో ఎక్కువ భాగం గెలుపు శత్రువుని చంపడంలో లేదు, ఆబ్జెక్టివ్‌లు, అంటే బల్లమీద పాయింట్లు ఇచ్చే చోట్లు, పట్టుకోవడంలో ఉంది. నెమ్మదిగా నడిచే బరువైన కాల్బలం మధ్యకి చేరేసరికే మూడో రౌండు వస్తుంది. ఎగిరే యూనిట్, గుర్రపు యూనిట్ అసలు విలువ తెలిసేది చివర్లో, ఎవరూ కాపలా లేని ఆబ్జెక్టివ్ మీద వాలినప్పుడు. రెండో రౌండులోనే టైం అయిపోయి ఆట ఆపేస్తే కనిపించేది ఒక్కటే, ఎవరి ముందు వరుస ముందు పోయిందన్నది. దాన్ని చూసి "నా సైన్యం పనికిరాదు, ఇంకో పెట్టె కొనాలి" అనుకుంటారు. నిజానికి ఆ సైన్యం ఇంకా ఆడనే లేదు.

ఆట సగంలో ఆగడానికి కారణం డైస్ కాదు, చదవడం. 2000 పాయింట్ల పూర్తి ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో ఇరువైపులా చెరో పది యూనిట్లు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి రెండు మూడు ఎబిలిటీలు. పైన బ్యాటిల్ ఫార్మేషన్, మంత్రాల పట్టిక, ప్రతి రౌండుకీ ఒక్కొక్కరికి నాలుగు కమాండ్ పాయింట్లు. ఆ కమాండ్లలో రీడిప్లాయ్, కౌంటర్ చార్జ్ లాంటివి ఎదుటివాళ్ల టర్నులో వాడేవి. అంటే మీ టర్ను కానప్పుడు కూడా మీరు కార్డు తిరగేస్తూనే ఉండాలి. కొత్తవాళ్లకి ఒక టర్ను అరగంట పడుతుంది. ఐదు రౌండ్లు, పది టర్నులు, అంటే ఐదు గంటలు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే రాత్రి భోజనం వేళకి కూడా తెమలదు.

స్పియర్‌హెడ్ ఈ రోగానికే మందు. బల్ల 30 అంగుళాలకి 22, అంటే ఇంట్లో డైనింగ్ టేబుల్ చాలు. పాయింట్లు లెక్కేయడం, లిస్టు రాయడం ఉండవు. స్పియర్‌హెడ్ పెట్టెలో ఏముంటే అదే మీ సైన్యం. ఆట మొదట్లో మీరు తేల్చుకోవాల్సినవి రెండే: రెజిమెంట్ ఎబిలిటీ ఒకటి, జనరల్‌కి ఎన్‌హాన్స్‌మెంట్ ఒకటి. నాలుగు రౌండ్లు, ఎనిమిది టర్నులు. టర్నుకి పది పన్నెండు నిమిషాలు వేసుకున్నా గంటన్నరలో తేలిపోతుంది. రెండో ఆట అదే రోజు వేసుకోవచ్చు, కొత్త సైన్యానికి కావాల్సింది అదే. మొదటి ఆటలో చేసిన తప్పు బుర్రలో పచ్చిగా ఉండగానే రెండో ఆటలో దిద్దుకోవచ్చు.

ఇందులో చేతిలో ఉండే కార్డులు చాలా చక్కటి ఏర్పాటు. ఒక్కో కార్డుకి రెండు సగాలు. ఒక సగం బ్యాటిల్ టాక్టిక్, పూర్తి చేస్తే పాయింటు వస్తుంది. రెండో సగం కమాండ్, యూనిట్‌కి అప్పటికప్పుడు ఊతం ఇస్తుంది. ఒకటి వాడితే రెండోది పోయినట్టే. చేతిలో మూడే కార్డులు కాబట్టి తికమక ఉండదు, కానీ ప్రతిసారీ ఒకటి వదులుకోక తప్పదు. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి రౌండులోనే కార్డులన్నీ కమాండ్లుగా ఖర్చుపెట్టి, తర్వాత పాయింట్లు లేక చూస్తూ కూర్చుంటారు. టాక్టిక్ సగం ఈ టర్నులో సాధ్యమా అని ముందు చూడండి. కాదని తేలాకే కమాండ్ సంగతి.

చార్జ్, అంటే శత్రువు మీదకి దూకడం, దగ్గర జరిగే పొరపాటు కూడా చూద్దాం. స్పియర్‌హెడ్‌లో రెండు డైస్ వేసి వచ్చినన్ని అంగుళాలు కదిలి, శత్రువుకి అర అంగుళంలోపు ఆగాలి. ఏడు అంగుళాల దూరంలో ఉన్నారంటే కనీసం 7 పడాలి. 36లో 21 అవకాశాలు, అంటే 58 శాతం. అదే 9 కావాలంటే 28 శాతానికి పడిపోతుంది. పైగా ఆ టర్నులో పరిగెత్తిన యూనిట్ చార్జ్ చేయలేదు. అందుకే కదిలే దశలోనే టేపు పెట్టి కొలిచి, మిగిలే దూరం ఆరు ఏడు అంగుళాలకి దించుకోవాలి. అది కుదరనప్పుడు శత్రువు తన టర్నులో కదిలే దూరానికి చార్జ్ 12 అంగుళాలు కలిపి, దానికి బాగా అవతలే ఆగడం మేలు. చార్జ్‌కి ముందు శత్రువు కదులుతాడు కదా. తొమ్మిది పది అంగుళాల దగ్గర ఆగి, చార్జ్ తప్పి, తర్వాతి టర్నులో తన్నులు తినడం కొత్త సైన్యాల్లో రోజూ జరిగేదే. రౌండు మొదట్లో ఎవరు ముందన్నది మళ్లీ రోల్ చేస్తారు కాబట్టి, ఎదుటివాళ్లకి వరసగా రెండు టర్నులు కూడా రావచ్చు. ఆ భయం మనసులో పెట్టుకుని నిలబెట్టాలి.

స్పియర్‌హెడ్ లోపాలూ దాచనక్కర్లేదు. పెట్టెలన్నీ సమానం కావు, కొన్ని జోడీల్లో ఒకవైపు మొగ్గు స్పష్టంగా కనిపిస్తుంది. సైన్యం మార్చే వీలు లేదు కనుక కొన్నాళ్లకి విసుగొస్తుంది. వార్‌స్క్రోల్స్, అంటే ఒక్కో యూనిట్ అంకెలూ రూల్సూ ఉండే పత్రాలు, పూర్తి ఆటలోవాటికంటే వేరుగా ఉంటాయి. వాటిని ఉచితంగా దింపుకోవచ్చు, కానీ పూర్తి ఆటవి తెచ్చుకుని స్పియర్‌హెడ్ ఆడితే లెక్కలన్నీ తప్పుతాయి. ఇంకోటి, ముక్కలు అతికించేముందే స్పియర్‌హెడ్ వార్‌స్క్రోల్ చూడండి. పెట్టెలో రెండు రకాల ఆయుధాలున్నా ఇక్కడ ఒక్కదానికే రూల్ ఉండొచ్చు. ఒకేరకం బొమ్మల యూనిట్లు రెండుంటే, ఒకదాని బేస్ అంచుకి ఒక రంగు, రెండోదానికి ఇంకో రంగు వేయండి. లేదంటే మధ్యలో కలిసిపోయి ఏ బొమ్మ ఏ యూనిట్‌దో తేలదు. ఒక యూనిట్‌లో ప్రతి బొమ్మా ఇంకోదానికి అర అంగుళంలోపు ఉండాలి, ఏడూ అంతకుమించి ఉన్న యూనిట్‌లో రెండింటికి దగ్గరగా ఉండాలి. కాబట్టి అది చిన్న తగాదా కాదు.

ఇక వరుసల్లో నిలబడే సైన్యాల సంగతి. బల్లెం పట్టిన ఇరవైమంది ఐదుగురు చొప్పున నాలుగు వరుసల్లో ట్రే మీద కదులుతుంటే కలిగే ఆనందం స్పియర్‌హెడ్ ఇవ్వలేదు. అది కావాలనుకునేవాళ్లకి ఓల్డ్ వరల్డా, కింగ్స్ ఆఫ్ వారా?

ఓల్డ్ వరల్డ్ లోతైన ఆట, అందమైన ఆట. కానీ తొలి ఆటకి బరువు. బల్ల 72కి 48 అంగుళాలు. తిరగడం, వీలింగ్ (ఒక మూల ఆధారంగా వరుస మొత్తం తిప్పడం), చార్జ్‌కి ఎదుటివాళ్ల స్పందన, గెలుపోటముల లెక్కలో వరుసల బోనస్, ఆపైన బ్రేక్ టెస్ట్. ఓడిన యూనిట్ రెండు డైస్ వేసి, తేడా కలిపి, లీడర్‌షిప్‌తో పోల్చాలి. కలపకముందు అంకెకే లీడర్‌షిప్ దాటితే పారిపోతుంది. కలిపాక దాటితే వరుస చెదరకుండా వెనక్కి తగ్గుతుంది. కలిపినా దాటకపోతే కాస్త చోటు వదులుతుంది. మూడింటికీ వేరే వేరే కదలికలు, వెంటాడే రూల్స్ వేరు. అలవాటైతే ఇదే ఆటకి ప్రాణం. మొదటి సాయంత్రం మాత్రం ఒక్క కొట్లాటకే ఇరవై నిమిషాలు మింగేస్తుంది.

కింగ్స్ ఆఫ్ వార్ అదే దృశ్యాన్ని సగం రూల్స్‌తో ఇస్తుంది. చార్జ్‌కి డైస్ లేవు. స్పీడ్ 5 ఉన్న యూనిట్ పది అంగుళాలు చార్జ్ చేస్తుంది, అంతే. బొమ్మల్ని తీసేయడం ఉండదు, యూనిట్ పక్కన డ్యామేజ్ గుర్తు పెడతారు. దాడి చేసేవాళ్లే డైస్ అన్నీ వేస్తారు. ఉదాహరణకి 12 దాడులు, 4 ఆపైన తగులుతాయి, 4 ఆపైన దెబ్బ పడుతుంది. సగటున ఆరు తగిలి మూడు డ్యామేజ్. ఇప్పుడు రెండు డైస్‌కి ఆ మూడు కలిపి నర్వ్ (యూనిట్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె) తో పోల్చి చూడాలి. నర్వ్ 13/15 అయితే, తడబడాలంటే 10 పడాలి, ఆరులో ఒక అవకాశం. తుడిచిపెట్టుకుపోవాలంటే 12 పడాల్సిందే, 36లో ఒకటి. ఎదురుగా వెళ్లి గుద్దితే పని జరగదని ఈ లెక్కే చెప్తోంది. పక్కనుంచి కొడితే దాడులు రెట్టింపు, వెనకనుంచైతే మూడు రెట్లు. ఈ ఒక్క సంగతి బోధపడితే ఆట సగం వచ్చినట్టే. డ్యామేజ్‌ని డైస్‌తో గుర్తు పెట్టకండి, ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని రోల్ చేసేస్తారు. గుండీలో పూసలో వాడండి.

వరుసల ఆటలో కొత్త సైన్యాన్ని చెడగొట్టేది ముఖ్యంగా అతికింపు. బల్లేలు, కత్తులు ముందుకి చాచి ఉంటే వెనక వరుస బొమ్మ ముందుదాని వీపుకి తగిలి నిలబడదు. జిగురు ఆరకముందే పక్కపక్కన పెట్టి చూసి, చేతుల కోణం సర్దుకోవాలి. సర్దుబాటయ్యాక ప్రతి బేస్ అడుగున వరుస నంబరు రాయండి. లేకపోతే ఆట ఆటకీ ఆ ముక్కల చిక్కుముడి మళ్లీ విప్పుకోవాలి.

బేసుల కొలతలు కూడా ఇక్కడే తేడా కొడతాయి. ఓల్డ్ వరల్డ్‌లో మనుషుల కాల్బలానికి 25 మిల్లీమీటర్ల చదరపు బేస్, ఓర్క్‌లకి 30. ఇరవైమంది మనుషులకి ట్రే 125కి 100 మిల్లీమీటర్లు కావాలి. కింగ్స్ ఆఫ్ వార్‌లో మనుషుల రెజిమెంట్ 100కి 80. ఏజ్ ఆఫ్ సిగ్మార్ నుంచి తెచ్చిన 25 మిల్లీమీటర్ల గుండ్రటి బేసులు 125కి 100 ట్రేలో ఇరవై సరిగ్గా పడతాయి. 100కి 80 ట్రేలో నాలుగు చొప్పున మూడు వరుసలు, పన్నెండే పడతాయి. కింగ్స్ ఆఫ్ వార్‌కి కావాల్సింది యూనిట్ మొత్తం ఆక్రమించే చోటు, బొమ్మల లెక్క కాదు. ఇరవైలో పన్నెండు బొమ్మలు సగానికి పైనే కాబట్టి ఇబ్బంది లేదు. నలభై మిల్లీమీటర్ల బేసులున్న స్టార్మ్‌కాస్ట్ లిబరేటర్లలాంటివి మాత్రం ఏ మామూలు కాల్బలం ట్రేలోనూ కుదరవు.

అందుకే వరుసల ఆటే ఆడాలని ఉంటే, ముందు కింగ్స్ ఆఫ్ వార్, అది చేతికొచ్చాక ఓల్డ్ వరల్డ్ అన్నది నా మాట. మొదటి దానిలో పక్కలు కాపాడుకోవడం నేర్చినవాళ్లకి రెండోదానిలో సగం దారి తెలిసిపోతుంది.

వన్ పేజ్ రూల్స్ వాళ్ల ఏజ్ ఆఫ్ ఫాంటసీది వేరే దారి. త్రీడీ ప్రింట్ బొమ్మలు, నాలుగు కంపెనీల పెట్టెల్లోంచి ఏరుకున్నవి, ఎవరివైనా ఇందులో చెల్లుతాయి. ప్రాథమిక రూల్స్ ఉచితం, సైన్యం లిస్టు ఆర్మీ ఫోర్జ్‌లో కట్టుకోవచ్చు. ఒకరు ఒక యూనిట్, తర్వాత ఇంకొకరు ఒక యూనిట్, ఇలా కదుపుతారు కాబట్టి ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. అడ్వాన్స్ ఆరు అంగుళాలు, చార్జ్ పన్నెండు. క్వాలిటీ మీద తగిలితే, డిఫెన్స్ మీద ఆపాలి, రెండే రోల్స్. పది దాడులు, క్వాలిటీ 4, డిఫెన్స్ 5 అనుకుంటే సగటున మూడు పైచిలుకు దెబ్బలు. నాలుగు రౌండ్లు కాబట్టి ఇదీ పూర్తవుతుంది. కానీ ఎలుకల గుంపుకీ ఎల్ఫ్ విలుకాళ్లకీ తేడా అంకెల్లోనే ఉంటుంది, ఆడుతుంటే చేతికి తగలదు. స్పియర్‌హెడ్‌లో చచ్చిన రీఇన్‌ఫోర్స్‌మెంట్ యూనిట్ మళ్లీ బల్లమీదకి వచ్చినప్పుడు, ఇది ఫలానా సైన్యం అని కళ్లకి కడుతుంది. పెట్టె లేని బొమ్మలు చేతిలో ఉన్నవాళ్లకి మాత్రం దీన్ని మించింది లేదు.

పది బొమ్మలే ఉంటే వార్‌క్రై చూడండి. పదిముఖాల డైస్‌తో ఆడే ఓత్‌మార్క్‌లో ఏ కంపెనీ బొమ్మలైనా ఐదుగురి వరుసల్లో నిలుస్తాయి. ఈ రెండూ మంచివే, కానీ ఎదురు ఆడేవాళ్లు దొరికితేనే.

ఏదీ తేల్చుకోలేకపోతే బొమ్మల్ని బేసులకి సూపర్ గ్లూతో అతికించకండి. పోస్టర్లు గోడకి అంటించే ముద్ద చిటికెడు తీసుకుని పాదాల కింద పెట్టి నొక్కండి, ఆటంతా నిలబడుతుంది. గుండ్రటి బేసుల మీద స్పియర్‌హెడ్ రెండు మూడు ఆటలు ఆడి, అప్పుడు చదరపు బేసుల మీద వరుస కట్టి చూడండి. ఎగిరే బొమ్మల్లాంటి బరువైనవి ముద్దతో ఆగవు, వాటి కాలికి సన్నటి తీగ గుచ్చి బేస్‌లో చిన్న రంధ్రంలో దించితే, తర్వాత ఎటైనా మార్చుకోవచ్చు.