ఓజోని: టోక్యో గిన్నె, క్యోటో గిన్నె

జపాన్‌లో జనవరి 1న ఇంటిల్లిపాదీ కలిసి తినేది ఓజోని. దంచిన జిగురు బియ్యపు ముద్ద, అంటే మోచి, వేసిన వేడి సూప్ ఇది. పేరు ఒకటే, టోక్యో, క్యోటో రుచుల మధ్య మాత్రం పోలికే లేదు.

టోక్యో వైపు మోచి చదరంగా ఉంటుంది. దాన్ని పొంగేదాకా కాల్చి, ఎండుచేప రేకుల రసంలో సోయా సాస్ కలిపిన తేట సూప్‌లో వేస్తారు. తోడుగా కోడిమాంసం, ఆకుకూర. కాలిన అంచు వాసనే దీని ప్రాణం.

క్యోటోలో మోచి గుండ్రం, కాల్చరు, ఉడికిస్తారు. కొంబు అనే సముద్రపు నాచు రసంలో తెల్ల మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలపడంతో సూప్ చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. అందులో మనకు తెలిసిన చేమదుంప కూడా పడుతుంది. ముల్లంగి, క్యారెట్‌లను సైతం చక్రాలుగానే తరుగుతారు, కుటుంబంలో పొరపొచ్చాలు రాకూడదని. (జపాన్‌లోనే ఉన్న కగావా ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకేసి, మోచిలో తీపి చిక్కుడు ముద్ద కూరుతారు!)

మొదటిసారి తినేవారికి నా ఓటు టోక్యోకే. మిసో తీపి అందరికీ ఒక్కసారిగా నచ్చదు. శాకాహారులకు క్యోటో గిన్నె నయం, కానీ పైన చేప రేకులు చల్లవద్దని ముందే చెప్పాలి. ఏదైనా సరే, వయసు మళ్లినవాళ్లకు మోచిని చిన్న ముక్కలు చేసి పెట్టాలి; గొంతులో అడ్డుపడి ఏటా ప్రాణాలు పోతుంటాయి.